ముందు మేం ఆడి చూశాకే

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీరూ పెద్దమ్మా కులాసాగా ఉన్నారని నాకు తెలుసు. నిన్న సాయంత్రమేగా మీ ఇంటికొచ్చి పెద్దమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళాను. మీరు వరండాలోనే ఉన్నారు. గ్రౌండు సంగతి ఎత్తబోయేసరికి పేపరు అడ్డం పెట్టుకుని, సంఘం విషయం ఏదైనా రాతపూర్వకంగా రావాలన్నారు. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నవి రెండు మలుపులు. ఆ రెండు మలుపులకీ ఉత్తరం రాస్తున్నాను. స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు, కాదనను. సొంత తమ్ముడి కూతుర్ని కూడా సిగ్నల్ దగ్గర ఆపేస్తే ఎలా పెదనాన్నా?

విషయానికొస్తాను. ఈ పేట పిల్లల్ని ఆటల్లోకి దింపాలని మీ పెద్దలంతా కలిసి యువజన క్రీడా ప్రోత్సాహక సంఘం పెట్టారు. బళ్ళో డ్రిల్లు టీచరుగా నా మానాన నేను బతుకుతుంటే, ఆ ఉద్యోగం మాన్పించి మరీ వాలీబాల్ కోచ్‌గా తెచ్చుకున్నారు. మీరు అధ్యక్షులు, లాయరుగారు కార్యదర్శి. మందుల షాపాయన, టైలరు మాస్టారు, రిటైరైన నర్సమ్మగారు సభ్యులు. అందరూ మంచివాళ్ళే. పేటలో ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు గుమ్మంలో నిలబడేది మీరే. కానీ నేను చేరిన దగ్గర్నించీ ఈ రోజు వరకూ ఒక్క పిల్ల, ఒక్క పిల్లాడు బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. సంఘానికి బ్యానరొచ్చింది. రబ్బరు స్టాంపొచ్చింది. సభకి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. నెట్టు మాత్రం రాలేదు. బంతి లాయరుగారి ఆఫీసు బీరువాలో ఉంది. గేటు తాళంచెవి మీ జేబులో ఉంది.

గ్రౌండు మనది కాదన్న సంగతి మరోసారి గుర్తు చేస్తున్నాను. అది కలప అడితి ఆసామి దుంగలు పేర్చుకునే స్థలం. వేసవి పోయేలోగా పేట పిల్లలు అక్కడ ఆడుతుంటే కళ్ళారా చూడాలనీ, చూస్తే స్థలం పిల్లలకే వదిలేస్తాననీ, లేదంటే మళ్ళీ దుంగలు దింపించేస్తాననీ మీ అందరి ముందూ అన్నాడు. వేసవి సగం కరిగిపోయింది. ఈ స్థలం పోతే పిల్లలకి ఇక రోడ్డే గతి.

రోజూ సాయంత్రం వాళ్ళొచ్చి గేటు బయట నిలబడుతున్నారు. తాళం చూసి వెళ్ళిపోతున్నారు. మందుల షాపాయన మనవరాలు ఉంది కదా, ఎడంచేతి వాటం పిల్ల. అంత చక్కటి సర్వీసు నా కెరీర్ మొత్తంలో చూడలేదు. అది వాళ్ళ తాతగారి షాపు షట్టరు మీద పాత రబ్బరు బంతితో సర్వీసులు కొడుతూ చీవాట్లు తింటోంది. నాకు మూడే కావాలి. నెట్టు, బంతి, తాళంచెవి. దయచేసి పచ్చజెండా ఊపండి.

ఇట్లు,
తాళం వేసిన గేటుకి కోచ్,
మీ తమ్ముడి కూతురు.

తా.క.: గ్రంథాలయం పెట్టినప్పుడు జరిగినట్టు జరగదని ఆశిస్తాను. ప్రతి పుస్తకం ముందు పెద్దలు చదివాకే పిల్లలకిస్తామన్నారు. ఆ పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయి. మీరింకా రెండో బీరువా దగ్గరే ఉన్నారు.

* * *

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. సభలో లాయరుగారు గొంతు సవరించుకుని చదివారు. కోపంగా రాసినచోట కోపంగానే చదివారు. అందరూ మెచ్చుకున్నారు. మీ నాన్నకి ఒక్క పోస్టుకార్డు రాయడం కూడా వచ్చేది కాదు, ఈ చెయ్యి నీకెక్కణ్ణించి వచ్చిందో.

నీ కోరికలు మూడూ సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. నెట్టు వచ్చేసింది. అయితే మన సంఘానికి ఒక పద్ధతి ఉందని నీకు తెలుసు. మనం వాడి చూడనిది పిల్లల చేతికివ్వం. గ్రంథాలయం గురించి నువ్వు వెటకారంగా రాశావు కానీ, ఒక పుస్తకంలో పద్నాలుగో పేజీ లేదని కనిపెట్టింది మేమే. పిల్లలు పద్నాలుగో పేజీ లేకుండా చదువుకుని ఉంటే రేపు వాళ్ళ గతేమిటి? మందైనా బంతైనా ముందు పెద్దల మీద పరీక్షించాల్సిందేనని మందుల షాపాయన కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. కాబట్టి ఈ వారం సంఘం వాలీబాల్‌ని పరీక్షిస్తుంది.

పరీక్షలు మొదలయ్యాయి కూడా. మందుల షాపాయన బంతిని తన త్రాసులో తూచాడు. టైలరు మాస్టారు నెట్టు కుట్టు వదులుగా ఉందని ఇంటికి పట్టుకెళ్ళి, అంచులకి గట్టి గుడ్డ వేసి, డబుల్ కుట్టేసి తెచ్చాడు. ఇప్పుడది నెట్టులా లేదు, పెళ్ళిచూపుల ఇంట్లో కర్టెన్‌లా ఉంది. నర్సమ్మగారు ప్రతి సర్వీసుకీ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బీపీ చూస్తున్నారు. గీత మీద పడ్డ బంతి లోపలిదా బయటిదా అన్న ప్రశ్న మీద లాయరుగారు రెండు వైపులా తానే వాదించి, వాయిదా కోరారు.

నువ్వేం కంగారు పడకు. వారం తిరిగేసరికి ఆటని పరీక్షించి, బాగుంటే పిల్లలకి అప్పగిస్తాం.

ఇట్లు,
పెదనాన్న (అధ్యక్షుడు).

తా.క.: బంతి తలకి తగిలితే ఏమవుతుందో తెలియాలి కదా. సభ్యులందరి తలలూ వరసగా వాడుకున్నాం. అన్నిటికన్నా ఎత్తుకి ఎగిరింది లాయరుగారి తల మీంచి. దాన్ని ఆయన ప్రశంసగా తీసుకున్నారు.

* * *

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీరు వారం అన్నారు. రెండు వారాలైంది. నిన్న గోడ మీంచి మీ పరీక్ష చూశాను. గోడ మీంచి ఎందుకంటే, పరీక్షలు జరుగుతుండగా పరాయివాళ్ళు లోపలికి రాకూడదని లాయరుగారు గేటుకి కాగితం అంటించారు. కోచ్ పరాయిదైపోయిందన్నమాట.

నా పక్కన గోడ మీద పేట పిల్లలంతా వరసగా కూర్చున్నారు. లోపలేమో మీరు ధోవతి కచ్చా బిగించి, టైలరు మాస్టారు మెడలో టేపుతో, మందుల షాపాయన కళ్ళు గట్టిగా మూసుకుని బంతి కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నది బంతి వస్తుందన్న భయంతోనా, రాదన్న నమ్మకంతోనా నాకర్థం కాలేదు. బంతి అందరికీ తగిలింది. నెట్టుకీ, నర్సమ్మగారి బీపీ డబ్బాకీ కూడా తగిలింది. నెట్టు అవతలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. దీన్ని పరీక్ష అంటారా పెదనాన్నా? బంతి నెట్టు దాటకపోతే అది వాలీబాలే కాదు. ఆ లెక్కన మీ పరీక్ష ఇంకా మొదలే కాలేదు.

బతిమాలుకుంటున్నాను. బంతి మంచిదే. నెట్టు మంచిదే. లాయరుగారి తల కూడా మంచిదే. ఇక పిల్లల్ని లోపలికి రానివ్వండి. ఈ నెలాఖరు ఆదివారం అడితి ఆసామి గ్రౌండు చూడ్డానికొస్తానని కబురు పెట్టాడు. ఆ రోజుకి పిల్లలకి కనీసం బంతి ఎత్తడమైనా రావాలి.

ఇట్లు,
గోడెక్కిన కోచ్.

తా.క.: మీరు పడినప్పుడల్లా గోడ మీద పిల్లలు "తాతగారూ, మోకాళ్ళు వంచండి" అని అరిచారు. వాళ్ళకి అది నేను నేర్పలేదు. మిమ్మల్ని చూసి వాళ్ళే కనుక్కున్నారు.

* * *

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మా కళ్ళు తెరిపించింది. బంతి నెట్టు దాటకుండా పరీక్ష పూర్తయినట్టు కాదని నువ్వు చెప్పేదాకా మాలో ఒక్కడికీ తట్టలేదు. నీ సలహాని సభ ఏకగ్రీవంగా ఆమోదించి పరీక్షా కాలాన్ని పొడిగించింది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట చేస్తున్నాం. ఇంత నిష్పక్షపాతంగా విమర్శించే కోచ్ దొరకడం సంఘం అదృష్టమని లాయరుగారు మినిట్సులో రాయించారు.

శుభవార్త ఏమిటంటే, బంతి నెట్టు దాటింది.

ఎలా దాటిందో చెప్పనీ. ముందు టైలరు మాస్టారు దాటించాడు, కానీ అది నెట్టు కింద నుంచి. తర్వాత నర్సమ్మగారు దాటించారు. ఆవిడ భుజంలో ఇన్నేళ్ళూ ఏం దాచుకున్నారో కానీ, ఆ దెబ్బకి బంతి వెళ్ళి అడితి గోడకి కొట్టుకుంది. మందుల షాపాయన కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. మూడో రోజు నా వంతొచ్చింది.

ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను. నా చిన్నప్పుడు బడి పక్కన గ్రౌండుండేది. ఆటలాడితే చదువు చెడుతుందని మా నాన్న, అంటే మీ తాతయ్య, నన్ను దాని గోడ అవతలే కూర్చోబెట్టేవాడు. లోపల మిగతా పిల్లలు ఆడుకునేవాళ్ళు. బంతి గోడ దాటి వచ్చినప్పుడల్లా తీసి లోపలికి విసిరేవాణ్ణి. అదే నా ఆట. ఆ తర్వాత బండ్లకి జెండా ఊపుతూ జీవితం గడిచిపోయింది. మొన్న ఆ బంతి నా మణికట్టు మీంచి లేచి, నెట్టు దాటి, అవతల గీతలోపల పడింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందరికీ చెమటని చెప్పాను. ఇంటికొచ్చి మీ పెద్దమ్మకి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పబోతే లేచి వెళ్ళిపోయింది.

పిల్లల గురించి నువ్వేం దిగులు పడకు. గోడ మీద కూర్చుంటే పడిపోతారని వాళ్ళని లోపలికి పిలిచాం. కుర్చీలు వేసి కూర్చోబెట్టాం. ఎంత బుద్ధిగా చూస్తున్నారో. ప్రోత్సాహం అంటే అదే కదా.

ఇట్లు,
బంతి దాటించిన పెదనాన్న.

తా.క.: నా సర్వీసు గురించి నీ నిష్పక్షపాతమైన అభిప్రాయం తెలియజెయ్యి. మెప్పుదలగా రాస్తే బాగుంటుంది.

* * *

పెదనాన్నగారికి,

నమస్కారాలు కూడా పెట్టాలనిపించడం లేదు, అయినా పెడుతున్నాను.

నా తల ప్రాణం తోకకొస్తోంది. మిమ్మల్ని ఆట ఆపమని ఉత్తరం రాస్తే, దాన్ని సలహా కింద తీసుకుని రెండు పూటలూ ఆడతారా? ఎవరిని ఎవరు ప్రోత్సహిస్తున్నారు పెదనాన్నా? యువజన సంఘంలో యువజనులు కుర్చీల్లో, పెద్దలు గ్రౌండులో. నిన్న సాయంత్రం మీరు ఆడుతున్నారు, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఎడంచేతి పిల్ల కుర్చీలో కూర్చునే గాల్లో సర్వీసు కొడుతోంది. దానికి ఒక్క బంతి ఇవ్వమని మందుల షాపాయన్ని అడిగాను. సొంత మనవరాలికి ఇవ్వమని అడిగాను. "ఈ సెట్టు అవ్వనీ అమ్మా" అన్నాడు. ఆ సెట్టు చీకటి పడేదాకా అవ్వలేదు. పాయింట్లు లాయరుగారు లెక్కపెడుతున్నారు మరి.

గోడ అవతల కూర్చున్న మీ చిన్నతనం గురించి రాశారు. చదివి నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. కానీ ఆ గోడకి ఇప్పుడు కుర్చీలేశారంతే. కూర్చున్నవాళ్ళు కూర్చునే ఉన్నారు.

ఆదివారం దగ్గరపడింది. అడితి ఆసామి వచ్చి చూసేది పిల్లల్ని. మిమ్మల్ని కాదు.

ఇంకేం మిగిలింది, యూనిఫాం కూడా కుట్టించుకోండి. వీపుల మీద పెద్ద పెద్ద అంకెలు వేయించుకోండి. పిల్లలకెలాగూ కుర్చీలే రాసిపెట్టి ఉన్నాయి కాబట్టి, వాళ్ళనొక సంఘం పెట్టుకోమనండి. అధ్యక్షుణ్ణీ కార్యదర్శినీ ఎన్నుకుని తీర్మానాలు చేసుకుంటారు. లెక్క సరిపోతుంది.

ఇట్లు,
కోచ్ (ఎవరికో తెలియదు).

తా.క.: మీ సర్వీసు బాగుంది. మోకాళ్ళు వంచండి.

* * *

అమ్మాయికి పెదనాన్న, సంఘ సభ్యులందరి ఆశీస్సులు.

నీ రెండు సలహాలూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి.

యూనిఫాం సంగతి మాకు ఎందుకు తట్టలేదా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. టైలరు మాస్టారు అక్కడికక్కడే కొలతలు తీశాడు. నా నడుము కొలత గట్టిగా చదవొద్దన్నాను, అయినా చదివాడు. రంగు ఆకుపచ్చ. అంకెల దగ్గర కాస్త పేచీ వచ్చింది. అందరికీ ఒకటో నంబరే కావాలి. ఎవరి మనసూ నొప్పించకూడదని అందరి వీపుల మీదా ఒకటే కుట్టించాం.

రెండో సలహా ఇంకా గొప్పది. పిల్లలతో చెప్పాను, సంఘం పెట్టుకోమని. ఎగిరి గంతేశారు. ఎడంచేతి పిల్లని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. కుర్చీలు గుండ్రంగా జరుపుకుని మాకన్నా శ్రద్ధగా సభ చేసుకుంటున్నారు. మా ఆట చూస్తూ ఏదో రాసుకుంటున్నారు కూడా. లాయరుగారు దగ్గరికెళ్ళి తొంగిచూడబోతే, సభ జరుగుతుండగా పరాయివాళ్ళు రాకూడదన్నారట. నాకు ఎంత ముచ్చటేసిందో.

ఇక ఆదివారం గురించి నువ్వు నెత్తీ నోరూ కొట్టుకోవక్కర్లేదు. ఏర్పాట్లన్నీ అయ్యాయి. అడితి ఆసామి వస్తాడు. ఆయనకి ముందు వరసలో కుర్చీ వేస్తాం. మేం రెండు జట్లుగా చీలి మ్యాచ్ ఆడి చూపిస్తాం. పిల్లలు చప్పట్లు కొడతారు. ఈ వయసులో ఇంత బాగా ఆడే పెద్దలున్న పేటలో పిల్లలు ఇంకెంత బాగా ఆడతారో ఆయనే ఊహించుకుంటాడు. ఆయన కూడా మా ఈడువాడే, అర్థం చేసుకుంటాడు.

నువ్వు పక్కన నిలబడి విజిల్ వేస్తే నిండుగా ఉంటుంది.

ఇట్లు,
పెదనాన్న (ఒకటో నంబరు).

తా.క.: విజిల్ లేకపోతే చెప్పు. నా స్టేషన్ విజిలూ, పచ్చజెండా ట్రంకుపెట్టెలో అలాగే ఉన్నాయి. మీ పెద్దమ్మ జెండాతో స్టౌ తుడవబోతే లాక్కున్నాను.

* * *

పెదనాన్నగారికి,

ఇది నా రాజీనామా.

నేను ఎకసెక్కానికి అన్నవన్నీ మీరు తీర్మానాలు చేశారు. నేను మనసులో పెట్టుకున్నది మాత్రం ఒక్కటీ మీకు వినబడలేదు. ఇక ఎకసెక్కాలు లేవు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆదివారం పిల్లలు ఆడకపోతే సోమవారం దుంగలు దిగుతాయి. మీకు ఆట పోతుంది, మరో సరదా దొరుకుతుంది. వాళ్ళకి గ్రౌండు పోతుంది. వాళ్ళకి ఇంకొకటి దొరకదు.

అది నా కళ్ళతో చూడలేను. రేపు పొద్దున బస్సుకి అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను. మళ్ళీ ఎప్పుడొస్తానో తెలియదు.

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు.

తా.క.: ఇందులో సలహా ఏమీ లేదు. దయచేసి వెతకొద్దు.

* * *

అమ్మాయికి,

పెదనాన్న రాస్తున్నాడు. ఈ ఉత్తరం సభలో చదవలేదు. ఎవరి ఆమోదమూ లేదు. నేనొక్కణ్ణే రాస్తున్నాను.

నిన్న ఆదివారం జరిగింది జరిగినట్టు చెబుతాను. అడితి ఆసామి చెప్పిన టైముకే వచ్చాడు. ఆయన వెనకాల దుంగల లారీ కూడా వచ్చి గేటు బయట ఇంజను ఆపకుండా నిలబడింది. ఆయన పిల్లల మధ్య కుర్చీలో కూర్చున్నాడు. మేం ఆకుపచ్చ చొక్కాల్లో దిగాం. అందరి వీపుల మీదా ఒకటే చూసి ఆయన మొహం అదోలా పెట్టాడు. ఆట బాగానే సాగింది. నర్సమ్మగారి దెబ్బకి టైలరు మాస్టారు రెండుసార్లు కూలబడ్డాడు. లాయరుగారు ఒక పాయింటు మీద స్టే అడిగారు.

సెట్టు మధ్యలో అడితి ఆసామి లేచి నా దగ్గరికొచ్చాడు.

"బాగా ఆడుతున్నారు మాస్టారూ. కానీ నేను చూడ్డానికొచ్చింది పిల్లల్ని. వాళ్ళు కుర్చీల్లోంచి లేవనే లేదు. లారీని లోపలికి రమ్మంటున్నాను."

లాయరుగారు పరిగెత్తుకొచ్చి, నెట్టు కిందే అత్యవసర సభ పెడదామన్నారు. పిల్లలకి ఇంకా ఆటని అప్పగించలేదు, పరీక్ష నివేదిక పూర్తి కాలేదు, పద్ధతి ప్రకారం ముందు ఆమోదం కావాలన్నారు. మందుల షాపాయన బలపరిచాడు. టైలరు మాస్టారు అవునన్నాడు. అందరూ నా వైపు చూశారు. లారీ గేరు మార్చిన చప్పుడు వినబడింది.

అప్పుడు బంతి దొర్లుకుంటూ వెళ్ళి కుర్చీల దగ్గర ఆగింది. ఎడంచేతి పిల్ల దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని మీద అరచెయ్యి వేసి మెల్లగా తిప్పుతోంది. తర్వాత లేచి, రెండు చేతులతో నాకు అందించబోయింది.

"తాతగారూ, ఇదిగోండి బంతి."

అమ్మాయ్, నాకు ఆ గోడ గుర్తొచ్చింది. నువ్వు రాసిన మాటే గుర్తొచ్చింది. మా నాన్న నన్ను కూర్చోబెట్టిన చోటే నేను వీళ్ళందర్నీ కూర్చోబెట్టాను, పైగా చప్పట్లు కొట్టమన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"తిరిగి ఇవ్వకమ్మా. నువ్వే కొట్టు," అన్నాను.

నా జీవితంలో మొదటిసారి సభ పెట్టకుండా నిర్ణయం తీసుకున్నాను. విజిల్ ఊది, జేబులోంచి పచ్చజెండా తీసి పిల్లల వైపు ఊపాను. కుర్చీలన్నీ వెనక్కి పడ్డాయి. లాయరుగారు అభ్యంతరం అన్నారు. ఆయన్ని జెండాతోనే పక్కకి తోశాను. మేమంతా నెట్టుకి ఒకవైపు, పిల్లలు ఒకవైపు.

ఆ పిల్ల మొదటి సర్వీసు నాకు కనబడలేదు. చప్పుడు మాత్రం వినబడింది. రెండోది మందుల షాపాయనకి ఎదురుగా పడింది. ఆయన కళ్ళు తెరవడానికి ముందే పడింది. ఆ తర్వాత తెలిసింది, ఇన్నాళ్ళూ వాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఏం చర్చించుకున్నారో. లాయరుగారు ఎడమకి కదలరని వాళ్ళకి తెలుసు. టైలరు మాస్టారికి ఎత్తు బంతి భయమని తెలుసు. నేను మోకాళ్ళు వంచనని పేట మొత్తానికీ తెలుసు. మమ్మల్ని ఉతికి ఆరేశారు. మాకు ఒక్క పాయింటూ రాలేదు. నర్సమ్మగారికి ఒకటి వచ్చేదే, లాయరుగారు అలవాటు కొద్దీ అది బయట పడిందని వాదించి పోగొట్టారు.

ఆ రెండో సర్వీసు తర్వాత మనవరాలు కొడుతున్నంతసేపూ మందుల షాపాయన మళ్ళీ కళ్ళు మూసుకోలేదు. ఆట అయిపోయాక దాని దగ్గరికెళ్ళి ఆ ఎడం చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు.

అడితి ఆసామి గేటు దాకా వెళ్ళి లారీని వెనక్కి పంపేశాడు. స్థలం పిల్లలదేనని అందరి ముందూ అన్నాడు. లాయరుగారు రాతపూర్వకంగా కావాలన్నారు, అక్కడే రాసిచ్చాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, చెప్పులతో నేల గీకుతూ, పెద్దల జట్టులో ఖాళీ ఏమైనా ఉందా అని అడిగాడు. ఆయన కూడా చిన్నప్పుడు బంతి ముట్టుకోలేదట.

నువ్వు వచ్చెయ్యి తల్లీ. అక్క ఏమీ అనుకోదు. పిల్లలు నీ కోసం గేటు దగ్గర చూస్తున్నారు. ఈసారి గేటు లోపల నుంచి. నీ రాజీనామా నేను ఎవరికీ చూపించలేదు.

ఇట్లు,
కుర్చీలో కూర్చున్న పెదనాన్న.

తా.క.: గ్రౌండు తాళంచెవి ఇప్పుడు పిల్లల సంఘం దగ్గర ఉంది. గ్రంథాలయం తాళాలు కూడా లాక్కున్నారు. నిన్న సాయంత్రమే రెండు బీరువాలూ తెరిచి పుస్తకాలు పంచేశారు. పద్నాలుగో పేజీ లేని పుస్తకానికే ఎక్కువ గిరాకీగా ఉంది.

ఇంకో తా.క.: మా పెద్దలకి పొద్దున పూట ఒక గంట గ్రౌండు ఇమ్మని ఎడంచేతి పిల్లని అడిగాను. అది పేపరు అడ్డం పెట్టుకుని, సంఘం విషయం ఏదైనా రాతపూర్వకంగా రావాలంది. అడితి ఆసామినైతే ముందు వాళ్ళు ఆడించి చూశాకే మా జట్టులో చేరనిస్తారట. అలాంటి ఉత్తరాలు రాయడంలో మన పేటలో నిన్ను మించినవాళ్ళు లేరు. వస్తూ వస్తూ మా తరఫున ఒకటి రాసి పట్టుకురా. తిట్లు మాత్రం కాస్త తగ్గించు.